పగలు బడి, రాత్రి పని: ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ



ఈ ఏడాది మన బడిలో పెద్ద తరగతుల పిల్లల నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది. అది టైం లేదన్న మాట. నిజమే, కాదనను. శనివారం పొద్దున తెలుగు క్లాసు, మధ్యాహ్నం సాకరో సంగీతమో, ఆదివారం ఎస్.ఏ.టి. కోచింగు, మిగతా ఐదు రోజులూ స్కూలు, హోంవర్కు. పదహారేళ్ళు నిండిన ఒకరిద్దరు సాయంత్రాలు దుకాణాల్లో పనికి కూడా వెళుతున్నారు. ఇక పైచదువుల కోసం ఇండియా నుంచి వచ్చి నలుగురైదుగురు కలిసి అపార్టుమెంట్లలో ఉంటున్న మన తెలుగు విద్యార్థుల సంగతి చెప్పనే అక్కరలేదు. క్లాసులు, క్యాంపస్ ఉద్యోగం, వంట, పరీక్షలు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

నేనూ అలా వచ్చినవాణ్ణే. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగేవాణ్ణి. ఇంటికి రాసిన ఉత్తరాల్లో మంచు గురించి రాశాను, ప్రొఫెసర్ల గురించి రాశాను గానీ గిన్నెల సంగతి మాత్రం ఎప్పుడూ రాయలేదు. సిగ్గనిపించేది. ఆ సిగ్గు పోవడానికి కారణం ఒక మనిషి జీవిత కథ. ఆయన మన తెలుగువాడు. మనకంటే చాలా ముందే ఈ దేశం వచ్చి పగలు చదువుకుని, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి, ఆ తర్వాత వైద్యశాస్త్రానికే కొత్త దారులు వేసినవాడు. ఆయన పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు. మన సంచిక చదివే ప్రతి పిల్లవాడికీ, ప్రతి ఆడపిల్లకీ ఈ పేరు తెలిసి ఉండాలని నా కోరిక.

మూడోసారికి గట్టెక్కిన మెట్రిక్

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇప్పుడది పశ్చిమ గోదావరి జిల్లా. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో భాగం. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. తండ్రికి జబ్బు చేసి ఉద్యోగం ముందుగానే వదులుకోవలసి వచ్చింది. పెద్ద సంసారం, చిన్న ఆదాయం.

మనం గొప్పవాళ్ళ కథలు చెప్పేటప్పుడు చిన్నప్పటి నుంచీ క్లాసులో ఫస్టు అని మొదలుపెడతాం. ఈ కథ అలా మొదలవదు. సుబ్బారావుకి బడి మీద మనసు నిలిచేది కాదు. పదమూడేళ్ళ వయసులో ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. ఇంట్లోవాళ్ళు వెతికించి వెనక్కి తెచ్చారు. మళ్ళీ బడిలో పడేశారు. మెట్రిక్యులేషన్ పరీక్ష ఒకసారి తప్పాడు. రెండోసారీ తప్పాడు. తండ్రి లేని ఇంట్లో తల్లి ఒంటి మీది బంగారం అమ్మి కొడుకుని మద్రాసు పంపిందని చెబుతారు. అక్కడ హిందూ హైస్కూలులో చదివి మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు.

పరీక్ష తప్పిన ప్రతి పిల్లవాడూ ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. రెండుసార్లు తప్పినవాడు తర్వాత హార్వర్డులో డాక్టరేటు పుచ్చుకున్నాడు. అంటే తప్పడం మంచిదని కాదు నేను చెప్పేది. తప్పిన తర్వాత ఏం చేశాడన్నదే లెక్క.

ఇంటర్మీడియట్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో అయింది. ఆ రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యాసం పుచ్చుకుందామనుకున్నారు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. డాక్టరు చదువు చదివితే ఆసుపత్రుల్లో సేవ చేయవచ్చని మఠం వాళ్ళే దారి చూపారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకి స్నేహితులు సాయం చేశారు. ఆ తర్వాత కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరి గారితో సుబ్బారావు గారి పెళ్ళి జరిగింది.

ఖద్దరు కోటు ఖరీదు

అది గాంధీగారు విదేశీ వస్త్రాలు వదలమని పిలుపిచ్చిన కాలం. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరుతో కుట్టించిన గౌను వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసరు ఇంగ్లీషువాడు. ఆయనకది నచ్చలేదు. ఫలితం డిగ్రీ మీద పడింది. మిగతా సబ్జెక్టుల్లో బాగా చేసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికొచ్చింది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారు నడిపే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే అధ్యాపకుడిగా చేరారు.

ఈలోపు ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. ఆయన అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి కళ్ళముందే చిక్కి శల్యమైపోతాడు. అప్పట్లో ఇంగ్లీషు వైద్యంలో దానికి సరైన మందు లేదు. సుబ్బారావు గారికి కూడా అదే జబ్బు వస్తే లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు.

తోడబుట్టినవాళ్ళు అలా పోతే ఎవరైనా ఏడుస్తారు. ఈయన ఏడ్చి ఊరుకోలేదు. ఆ జబ్బుల మూలం తెలుసుకోవాలని నిశ్చయించుకున్నారు. ఉష్ణదేశపు జబ్బుల మీద ప్రత్యేకంగా చదువు చెప్పే బడి అమెరికాలో హార్వర్డులో ఉంది. అక్కడికి వెళ్ళాలి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. మామగారు కొంత డబ్బు పోగుచేశారు. 1920ల తొలి సంవత్సరాల్లో, ఒక అక్టోబరు నెలలో, సుబ్బారావు గారు బోస్టన్‌లో అడుగుపెట్టారు. భార్య శేషగిరి గారు ఇంటి దగ్గరే ఉండిపోయారు. చదువు పూర్తవగానే తిరిగి రావాలన్నదే అప్పటి ఆలోచన.

బోస్టన్‌లో రాత్రులు

ఇక్కడి నుంచి మన విద్యార్థులు శ్రద్ధగా చదవాలి.

హార్వర్డులో సీటు దొరికింది గానీ తిండికీ గదికీ స్కాలర్‌షిప్ లేదు. తెచ్చుకున్న డబ్బు ఎన్నాళ్ళో రాదు. డాక్టరుగా ఆసుపత్రిలో పని చేద్దామంటే ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్‌ని ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు. ఖద్దరు గౌను ఖరీదు సముద్రాలు దాటి ఇక్కడ కూడా కట్టవలసి వచ్చిందన్నమాట. ఆఖరికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పని దొరికింది. రోగుల మంచాల కింది పాత్రలు తీయడం, కడగడం, శుభ్రం చేయడం. మద్రాసులో అనాటమీ పాఠాలు చెప్పిన డాక్టరు గారు చేసిన పని అది.

మన ఊళ్ళలో, అందులోనూ ఆ కాలంలో, ఆయన పుట్టిన కులంలో ఆ పని ఎలాంటిదో పెద్దలకి తెలుసు. పిల్లలకి మీరే చెప్పండి. ఆయన దాన్ని చదువుకి కట్టే ఫీజుగా చూశారు. అంతకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఒక సంగతి గమనించండి. ఆ ఆసుపత్రి, హార్వర్డు మెడికల్ స్కూలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. నడిచి వెళ్ళేంత దూరం. పని చేసే చోటు, చదివే చోటు దగ్గరగా ఉంటే రోజులో ఎంత టైం మిగులుతుందో రైళ్ళల్లో, బస్సుల్లో గంటలు గంటలు తిరిగేవాళ్ళకి తెలుస్తుంది. రెండో సంగతి, ఆయన పని ఆసుపత్రిలోనే. కడుగుతున్నది పాత్రలే అయినా చుట్టూ ఉన్నది ఆయన చదువుకి సంబంధించిన లోకమే. డబ్బు ఎక్కువొస్తుందని ఊరి చివరి ఫ్యాక్టరీకి వెళ్ళి ఉంటే కథ వేరేగా ఉండేదేమో.

1924లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చేతికొచ్చింది. అనుకున్న ప్రకారమైతే అప్పుడు ఇంటికి వెళ్ళిపోవాలి. ఆయన ఇంకా నేర్చుకోవలసింది ఉందనుకున్నారు. జబ్బు ఎందుకొస్తుందో తెలియాలంటే ఒంట్లో జరిగే రసాయన చర్యలు తెలియాలి కదా. అందుకని హార్వర్డు బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర చేరారు.

చిన్న పనితో మొదలు

పెద్ద కలలతో వచ్చిన మనిషికి అక్కడ అప్పగించిన పని చాలా చిన్నది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే మంచి పద్ధతి కనుక్కోవడం. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే ఫాస్ఫరస్ ఉన్నంత మేర నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఈ పద్ధతిని నమ్మకంగా, త్వరగా పనిచేసేలా తీర్చిదిద్ది 1925లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా బయోకెమిస్ట్రీ చదివిన విద్యార్థులు ఆ పేరు పలుకుతూ పరీక్షలు రాశారు. మన ఇళ్ళల్లో డాక్టర్లు, ఫార్మసీ చదివినవాళ్ళు ఉంటే అడిగి చూడండి.

ఆ చిన్న పనే పెద్ద తలుపు తెరిచింది. కొలిచే పద్ధతి చేతిలో ఉంది కాబట్టి కండరంలో ఫాస్ఫరస్ ఏ రూపంలో ఉందో వెతకగలిగారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని ప్రకటించారు. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులోనూ మరొక జంట దాన్ని గుర్తించింది. కండరానికి శక్తి గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారడం వల్లే వస్తుందని అప్పటిదాకా నమ్మేవాళ్ళు. ఆ సిద్ధాంతానికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఈ కొత్త పదార్థం ఆ లెక్కని మార్చేసింది. 1929లో ఏటీపీని వేరుచేసినట్టు ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని విడిగా కనుక్కున్నాడు. మీ బయాలజీ పుస్తకంలో కణానికి శక్తినిచ్చే నాణెం అని చదువుకుంటారే, అదే ఏటీపీ. రేపు సాకర్ ఆడుతూ పరిగెత్తినప్పుడు మీ కాలి కండరాల్లో ఖర్చయ్యేది అదే.

1930లో డాక్టరేటు వచ్చింది. లెక్క చూడండి. డిప్లొమా 1924లో, డాక్టరేటు 1930లో. మధ్యలో ఆరేళ్ళు. ఇప్పటి పిల్లలు ఒక్క సెమిస్టరులో అన్నీ అయిపోవాలనుకుంటారు. ఆయన రోజుని నింపుకున్నారు గానీ ఏళ్ళని తొందరపెట్టలేదు.

పేరు రాకపోయినా ఆగని పని

హార్వర్డులో అన్నీ సాఫీగా జరగలేదు. ఇన్ని కనిపెట్టినా అక్కడ శాశ్వత ఆచార్య పదవి రాలేదు. 1940 దాకా ఓపిక పట్టి, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళోని లెడర్లీ లేబొరేటరీస్‌కి వెళ్ళారు. అది అమెరికన్ సయనమిడ్ కంపెనీ మందుల విభాగం. న్యూజెర్సీ సరిహద్దుని ఆనుకుని ఉంటుంది ఆ ఊరు. మనలో చాలామంది ఆ పక్క నుంచి కార్లో వెళ్ళే ఉంటారు, ఇక్కడ మనవాడొకడు ఉండేవాడని తెలియకుండా. కంపెనీ తర్వాత చేతులు మారి 2009లో ఫైజర్‌లో కలిసింది.

అక్కడ పరిశోధన బృందానికి ఆయన నాయకుడయ్యారు. ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో వచ్చినవి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. 1945లో ఆయన బృందం దాన్ని ల్యాబులో తయారుచేసింది. స్ప్రూ వల్ల వచ్చే రక్తహీనతకి అది పనిచేస్తుందని త్వరలోనే తేలింది. ఏ జబ్బు తన అన్నదమ్ములని ఎనిమిది రోజుల్లో తీసుకుపోయిందో ఆ జబ్బుకి మందు. భీమవరం నుంచి మొదలైన వెతుకులాట దాదాపు పాతికేళ్ళకి ఒక గమ్యం చేరింది. ఇవాళ గర్భిణీ స్త్రీలందరికీ డాక్టర్లు రాసిచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర అదే.

రెండోది బోదకాలు మందు. మన కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్ళని అడిగితే ఆ జబ్బుతో బాధపడినవాళ్ళని చూశామని చెబుతారు. దానికి హెట్రజాన్ పేరుతో 1947లో డైఇథైల్ కార్బమజీన్ వచ్చింది. ఇప్పటికీ బోదకాలు నిర్మూలన కార్యక్రమాల్లో మన దేశంలో పంచే మాత్రల్లో అది ఉంటుంది.

మూడోది క్యాన్సర్ మందులు. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే పదార్థాలు చేస్తే వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలు ఆగుతాయేమో అన్న ఆలోచనకి లెడర్లీ రసాయనాలు కావలసి వచ్చాయి. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్‌ని 1947 చివర్లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకీమియా వచ్చిన పిల్లలకి ఇచ్చి చూశాడు. అంతకుముందు ఆ జబ్బంటే ఆశ వదులుకోవడమే. మొదటిసారిగా కొందరు పిల్లల్లో జబ్బు తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే అయినా దారి ఉందని తెలిసింది. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ని క్యాన్సర్‌కీ, కీళ్ళవాతానికీ ఇవాళ్టికీ వాడుతున్నారు. ఇందులో ఒక విశేషం చెప్పాలి. ఆ పిల్లల ఆసుపత్రి, సుబ్బారావు గారు రాత్రుళ్ళు పాత్రలు కడిగిన బ్రిగమ్ ఆసుపత్రి ఒకే పేటలో ఉన్నాయి. ఆయన మందు తిరిగి తిరిగి ఆ వీధికే చేరింది.

నాలుగోది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్. దాన్ని మట్టి నమూనాలోంచి వెలికి తీసినవాడు బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. విశ్వవిద్యాలయంలో రిటైరై, డెబ్భై దాటాక సుబ్బారావు గారి బృందంలో చేరాడు. టైం అయిపోయిందనుకునే పెద్దలు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది.

అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు యాభై మూడేళ్ళు. స్వతంత్ర భారతదేశాన్ని కళ్ళారా చూడలేదు. భారతీయులకి ఇక్కడి పౌరసత్వం దొరకని కాలంలో వచ్చి, 1946లో చట్టం మారిన తర్వాత కూడా ఈ దేశ పౌరుడు కాకుండానే వెళ్ళిపోయారు. 1995లో ఆయన శతజయంతికి భారత తపాలా శాఖ స్టాంపు వేసింది.

వారానికి 168 గంటలు

ఇప్పుడు మన లెక్క చూసుకుందాం. సుబ్బారావు గారికీ మనకీ వారానికి గంటలు ఒక్కటే. ఇరవై నాలుగు ఏడులు నూట అరవై ఎనిమిది.

ఇండియా నుంచి ఎఫ్-1 వీసా మీద వచ్చి ఎం.ఎస్. చదివే అబ్బాయి సంగతే తీసుకోండి. సెమిస్టరుకి తొమ్మిది క్రెడిట్లు. అంటే వారానికి తొమ్మిది గంటల క్లాసు. ఒక్కో గంట క్లాసుకి బయట రెండు గంటలు చదవాలని యూనివర్సిటీల్లో చెప్పే మాట. అది పద్దెనిమిది. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల వరకే పని చేయనిస్తారు. మొత్తం నలభై ఏడు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున నిద్ర యాభై ఆరు. అన్నీ తీసేస్తే ఇంకా అరవై ఐదు గంటలు మిగులుతాయి. వంట, బట్టలు, ప్రయాణం, స్నేహితులు, ఇంటికి ఫోను, అన్నీ అందులోంచే.

లెక్క ఎక్కడ తప్పుతుందంటే, ఆ ఇరవై గంటలు దాటినప్పుడు. డబ్బు అవసరం నిజమే. ఇంటి దగ్గర అప్పు వడ్డీ పెరుగుతూ ఉంటుంది. ఎవరో చెప్పారని బయట రూలుకి విరుద్ధంగా పనికి వెళితే ముందు నిద్ర పోతుంది, తర్వాత చదువు పోతుంది, ఆఖరికి వీసాకే ముప్పు వస్తుంది. పని అన్నది చదువుని మోయాలి గానీ చదువుని తినెయ్యకూడదు. సుబ్బారావు గారి రాత్రి పని డిప్లొమా కోసం. డిప్లొమాని పక్కనపెట్టి పాత్రలు కడగలేదు.

స్కూలు పిల్లలకి వీసా లెక్కలు లేవు గానీ గంటల లెక్క అదే. నేను మా క్లాసులో చేయించిన పని ఒకటి మీరూ చేయండి. ఒక కాగితం మీద 168 గళ్ళు గీయండి. నిద్రకి నీలం, స్కూలుకి ఎరుపు, హోంవర్కుకి పసుపు, ఫోనుకీ టీవీకీ నల్లరంగు వేయండి. ఎవరికీ చూపించక్కరలేదు. నిజం వేస్తే చాలు. మా క్లాసులో గళ్ళు నింపాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నల్ల గళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. నా కాగితంలో కూడా తక్కువేం లేవు.

ఒక గడి మిగిల్చిపెట్టండి

ఈ కథ ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది. కానీ పూర్తి నిజం చెప్పినట్టు కాదు.

సుబ్బారావు గారు బోస్టన్‌లో ఉండగా ఇంటి దగ్గర శేషగిరి గారికి కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ ఏడాది నిండకుండానే జబ్బుచేసి చనిపోయాడు. తండ్రి కొడుకు ముఖం చూడలేదు. డిప్లొమా అయ్యాక వెళదామనుకున్నారు, బయోకెమిస్ట్రీ అడ్డొచ్చింది. డాక్టరేటు అయ్యాక మరో పరిశోధన. ఆ తర్వాత యుద్ధం. ఆ తర్వాత మందులు. ఒకదాని వెనక ఒకటి. పాతిక సంవత్సరాలు గడిచిపోయాయి. ఆయన మళ్ళీ ఇండియా వెళ్ళనే లేదు. శేషగిరి గారు ఆయన్ని మళ్ళీ చూడనే లేదు.

ఆయన టైంని ఎంత బాగా వాడుకున్నారో చెప్పడానికి ప్రపంచంలో లక్షలమంది రోగులున్నారు. కానీ ఆ టైంలో కొంత వేరొకరిది కూడా. అది వాళ్ళకి అందలేదు. నేనిది తప్పు పట్టడానికి రాయడం లేదు. ఆ రోజుల్లో ఓడ ప్రయాణమే వారాల తరబడి. డబ్బు లేదు. అందులోనూ ఒకసారి వెళితే తిరిగి ఈ దేశంలోకి రావడం తేలిక కాదు. మన దగ్గర విమానాలున్నాయి, వీడియోలో ముఖాలు చూసుకునే ఫోన్లున్నాయి. అయినా మనలో ఎంతమంది వచ్చే ఏడు వెళదాం, వచ్చే ఏడు వెళదాం అంటూ అమ్మానాన్నల ఆఖరి చూపు కూడా దక్కించుకోలేకపోయామో గుండె మీద చెయ్యి వేసుకుని ఆలోచించండి. నేనూ అందులో ఒకణ్ణే.

అందుకే మా క్లాసు పిల్లలకి ఆ కాగితం మీద ఇంకో మాట చెప్పాను. రంగులన్నీ వేశాక ఒక్క గడి తెల్లగా ఉంచమన్నాను. అది అమ్మమ్మదో, నాయనమ్మదో, తాతగారిదో. వారానికి నూట అరవై ఎనిమిదిలో ఒక్కటి. ఆ గంటలో ఫోను చేసి తెలుగులో మాట్లాడాలి. రాకపోతే తప్పులతోనే మాట్లాడాలి. తెలుగు బడి హోంవర్కు కూడా అందులోనే అయిపోతుంది.

మరుసటి శనివారం ఒక అమ్మాయి వచ్చి వాళ్ళ అమ్మమ్మది భీమవరమేనని చెప్పింది. సుబ్బారావు గారి గురించి అడిగితే అమ్మమ్మకి తెలియదట. ఈ అమ్మాయే ఫోనులో కథంతా చెప్పిందట. కాశీకి పారిపోవడం దగ్గర అమ్మమ్మ నవ్విందని, పసిబిడ్డ దగ్గర మాట్లాడలేదని చెప్పింది. ఆ రోజు ఒక గంట అనుకున్నది రెండు గంటలైందట. హోంవర్కు చేయడానికి టైం చాలలేదని నసిగింది.

ఆ వారానికి ఆ అమ్మాయికి హోంవర్కు మాఫీ చేశాను.